విదియ దాకా

నందినికి లాప్‌టాప్ ఎప్పుడు కొనాలన్న మాట ఆ ఇంట్లో ఉగాది నుంచీ నలుగుతూనే ఉంది. కొనాలా వద్దా అన్న పేచీ లేదు. జర్మనీలో చదవబోయే పిల్లకు అది లేనిదే జరగదని అక్షరం ముక్క రాని నాయనమ్మ సుబ్బరత్నమ్మకు కూడా తెలుసు. ఎప్పుడన్నదే తెగలేదు.

నందిని తండ్రి గోపీకృష్ణకు ప్రొద్దుటూరులో చిన్న బట్టల అంగడి ఉంది. లంగా గుడ్డలు, చీరల ఫాల్సులు, మ్యాచింగ్ రవికె ముక్కలు అమ్ముతాడు. అంగడి కోసమని ఎప్పుడో కొన్న పాత లాప్‌టాప్‌తోనే నందిని ఇంజనీరింగ్ నాలుగేళ్లూ గట్టెక్కింది. ఇప్పుడు దానికి కరెంటు తీగ పీకితే ప్రాణం ఉండదు. మూత నిలబడదు, వెనక చెంబో డబ్బానో ఆనించాలి. కాస్త బరువైన పని చెబితే మిక్సీలా రొద పెట్టి తటాలున ఆరిపోతుంది.

సీటు వచ్చిన రోజే కొనేద్దామంది నందిని. గోపీకృష్ణ ఒప్పుకోలేదు. వీసా ముద్ర పడకముందే కొంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుందన్నాడు. ఆ మాట నందిని తల్లి సుభాషిణికీ సబబుగానే తోచింది. అక్కడికి పోయాకే కొనుక్కోవచ్చేమోనని ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్న శ్రీధర్‌ను అడిగారు. అతను సుభాషిణికి చిన్నమ్మ కొడుకు. అక్కడి మీటల మీద అక్షరాలు వేరే వరుసలో ఉంటాయనీ, అలవాటు పడేసరికి సగం చదువు అయిపోతుందనీ, ఇక్కడే కొనుక్కుని రమ్మనీ అతను చెప్పాడు. పైగా అక్కడికి చేరకముందే, ఆగస్టులో, ఇంటి నుంచే ఆన్‌లైన్ క్లాసులు వినాలట. వాటి చివర పరీక్ష ఉంది. అది తప్పితే సీటు పోతుంది.

వీసా రానైతే వచ్చింది, కానీ ఆషాఢంలో వచ్చింది.

ఆ సాయంత్రమే నందిని ఫయాజ్ కంప్యూటర్ షాపుకు పోయి తనకు కావలసింది చూసుకుని వచ్చింది. ఫయాజ్ దాన్ని వేరే ఎవరికీ అమ్మకుండా పక్కన పెడతానన్నాడు. ఇక డబ్బు కట్టి తెచ్చుకోవడమే మిగిలింది. అయితే ఆ ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా పులివెందులకు ఒక ఫోన్ పోవాలి. గోపీకృష్ణకు అన్న అయిన చెన్నకేశవులుకు పులివెందులలో ఇనుప సామాన్ల అంగడి ఉంది. తిథులు, వారాలు, వర్జ్యాలు ఆయనకు నాలుక చివర ఉంటాయి. ఆషాఢంలో కొంటారా అని ఆయన ఫోన్‌లోనే కసిరాడు. అది చదువు వస్తువు, పలక కొన్నట్టే, దానికి పసుపు కుంకుమ పెట్టి మంచి గడియలో వెలిగించాలి అన్నాడు. అమావాస్య పోనిచ్చి, పాడ్యమి కూడా పోనిచ్చి, శ్రావణ విదియ పొద్దున కొనమన్నాడు.

నందిని మూతి ముడుచుకుంది. సుభాషిణి మాత్రం బావ మాటకు లోపల సంతోషించింది. ఆమె తమ్ముడు ఎవరెన్ని చెప్పినా వినకుండా ఆషాఢంలో ఆటో కొన్నాడు. ఆ ఏడాది తిరక్కుండానే దువ్వూరు దగ్గర లారీ కింద పోయాడు. ఆషాఢానికీ లారీకీ సంబంధం ఏమిటని నందిని ఒకసారి అడిగింది. సుభాషిణి దగ్గర జవాబు లేదు. జవాబు లేనంత మాత్రాన భయం పోలేదు. పరాయి దేశంలో ఒంటరిగా ఉండబోయే పిల్ల. ఆగితే పోయేదేముంది, క్లాసులకు ఇంకా వ్యవధి ఉందిగా అనుకున్నారు.

అంతలో సుబ్బరత్నమ్మ పడిపోయింది.

గోపీకృష్ణ తల్లి సుబ్బరత్నమ్మ పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఉదయం లేచింది మొదలు వీధిలో ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉండేది. అలాంటి మనిషి పెరట్లో తొట్టి దగ్గర గోడ పట్టుకుని నిలబడి గాలి కోసం నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, అలాగే కిందికి జారింది. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు. కొడుకులిద్దరినీ అక్కడి పెద్దాసుపత్రిలోనే కన్నది. తలనొప్పి వచ్చినా అక్కడికే పోవాలనేది. అక్కడికే తీసుకుపోయారు.

చూసిన డాక్టరమ్మ చిన్నది. మాటలు నమలకుండా చెప్పింది. గుండె అలిసిపోయింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఇది నయమయ్యేది కాదు. ఇక్కడ ఉంచితే ఆక్సిజన్‌తో కొన్నాళ్లు జరుగుతుంది. ఇంటికి తీసుకుపోతే ఒకటి రెండు రోజులు. ఆమె ఇల్లు ఇల్లు అని కలవరిస్తోంది కాబట్టి తీసుకుపోయినా తప్పులేదు, మీరు ఆలోచించుకోండి అంది.

గోపీకృష్ణ భార్య మొహం చూశాడు. ఏదీ తేల్చుకోలేనప్పుడు అతను చేసే పని అదే.

సుభాషిణి ఆలోచించింది. ఆ మాటకొస్తే అందరూ అదే ఆలోచిస్తున్నారు, ఎవరూ పైకి అనడం లేదు. ఆషాఢంలోనే ముసలామె పోతే ఆ ఇంటికి ఏటి మైల వస్తుంది. ఏడాది పొడుగునా కొత్త వస్తువు కొనకూడదు. చెన్నకేశవులు కొననివ్వడు. పులివెందుల నుంచి ఫోన్ చేసి అమ్మ ఎట్లుండాదని అడిగినవాడు, ఆ వెంటనే అమావాస్య ఎప్పుడని కూడా అడిగాడు. అడగవలసిన పనిలేదు, ఆయనకు తెలుసు. రేపే కొనేద్దాం అన్న నందిని మాటను పెద్దవాళ్లు చెవిన పెట్టలేదు. ఆషాఢం ఒకటి, పైగా తల్లి మంచాన ఉండగా బజారుకు పోయి కొత్త సామాను తెచ్చారన్న మాట ఒకటి.

"ఆస్పత్రిలోనే ఉండనీండి" అంది సుభాషిణి డాక్టరమ్మతో.

మంచం దగ్గర తోడుండటానికి గురవమ్మ అనే మనిషిని పెట్టుకున్నారు. ఆమెది జమ్మలమడుగే. ఎవరూ లేని రోగుల దగ్గర కూర్చుని, గుడ్డలు మార్చి, నోరు తడిపి బతుకుతుంది. పగలు సుభాషిణి, రాత్రుళ్లు గోపీకృష్ణ, ఇద్దరికీ వీలు కానప్పుడు గురవమ్మ. మొదట్లో గురవమ్మ ప్రతిదానికీ ఫోన్ చేసేది. దగ్గు వచ్చిందని, గంజి కక్కిందని, మీ మనవరాలి పేరు తలుచుకుందని. ఫోన్ మోగినప్పుడల్లా సుభాషిణి చేతిలో పని వదిలి పరుగెత్తేది. చివరికి విసిగి, ఊరికే చెయ్యొద్దు గురవమ్మా, ఏమన్నా అయితేనే చెయ్యి అని చెప్పింది. ఆ తర్వాత గురవమ్మ ఫోన్ చేయలేదు.

ఒక మధ్యాహ్నం సుబ్బరత్నమ్మ మూతి మీద గొట్టం పక్కకు తీసి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి పిలుచకపోమ్మే. ఈ గొట్టం నాకొద్దు."

"డాక్టరమ్మ వద్దంటాండాది అత్తా" అంది సుభాషిణి.

"డాక్టరమ్మ నాతో చెప్పింది. పోవచ్చంట. నువ్వే వద్దన్నావంట."

ముసలామె చెయ్యి వదల్లేదు. పక్క మంచం మీద ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపు తగ్గేదాకా ఆగి సుభాషిణి అంది.

"పాపకు ఇంకా కొనల్యా అత్తా."

సుబ్బరత్నమ్మకు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఈ కట్టుబాట్లన్నీ ఆమె చేతుల మీదుగా నడిచినవే. సింధు పెళ్లి నాడు ఏం జరిగిందో ఆ వంశంలో ఎవరినడిగినా చెబుతారు. సింధు చెన్నకేశవులు కూతురు. పెళ్లి పులివెందులలో. తాళి కట్టే గడియ ఇంకా రాలేదు, వేంపల్లె నుంచి కబురు వచ్చింది, చెన్నకేశవులు చిన్నాయన పోయాడని. ఆ ఫోన్ ఎత్తింది సుబ్బరత్నమ్మ. చెవిన పడితేనే మైల, పడనిదే లేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. తన చెవిన పడింది కాబట్టి తాను పందిట్లోకి అడుగు పెట్టలేదు. కడుపు నొప్పి అని చెప్పి పెళ్లిమండపం వెనక నీళ్ల తొట్టి దగ్గర ఒక్కతే కూర్చుంది. పెద్ద మనవరాలి తలమీద ఒక్క అక్షింత వేయలేదు. తాళి కట్టి, భోజనాలు అయి, పిల్ల అత్తగారింటికి కదిలాకే నోరు విప్పింది. ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని, ఇంటికి పెద్దదంటే అట్లుండాలని మెచ్చుకుంటారు.

ఇప్పుడు ఆమె కోడలి చెయ్యి వదిలి పైకప్పు వైపు చూసింది.

"శ్రావణం ఎప్పుడు?"

"వారం పైన ఉండాది. విదియ నాడు కొంటాం."

"శానా దూరముండాదే." కాసేపు గాలి పీల్చుకుంది. "ఆపమంటే ఆపేదానికి ఇదేమన్నా పులివెందుల బస్సామ్మే? సరే. చూస్తా. విదియ దాంకా చూస్తా. ఆ పొద్దు మాత్రం నన్ను ఇంటికి పిలుచకపోవల్ల."

"పిలుచకపోతా."

"గొట్టం పెట్టు" అని తానే మూతి చాపింది.

ఆ రోజు నుంచి ముసలామె ఇల్లు అన్న మాట ఎత్తలేదు. ఇచ్చిన మందు మింగింది. పొడిచిన సూదికల్లా చెయ్యి చాపింది. చేతుల మీద నరాలు దొరక్క నర్సులు కాళ్లల్లో వెతికేవాళ్లు. రాను రాను పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. పడుకుంటే ఊపిరాడక కూర్చోబెట్టేవాళ్లు, కూర్చుంటే తల నిలవక పడుకోబెట్టేవాళ్లు. నడుము కింద చర్మం చిట్లింది. గురవమ్మ ఆ పుళ్లు తుడిచేటప్పుడు ముసలామె పళ్లు బిగబట్టి, ఈ పొద్దు ఏ తిథి అని అడిగేది. చెబితే తల ఊపి కళ్లు మూసుకునేది. నందిని వచ్చినప్పుడు మాత్రం గొంతు తెచ్చుకుని, ఆ దేశంలో చలంట, తల తడుపుకోవద్దని చెప్పింది. నందిని బయటికొచ్చి, వద్దమ్మా, జేజిని ఇంటికి తీసుకుపోదాం, నాకేం వద్దు అని ఏడ్చింది. నీకేం తెలుసు ఊరుకో అంది సుభాషిణి.

అమావాస్య ముందు రోజున సుబ్బరత్నమ్మకు మాట పోయింది. కళ్లు తెరవడం లేదు. పిలిస్తే పలకడం లేదు. ఊపిరి ఒక్కటే, దూరంగా ఎవరో రంపం లాగుతున్నట్టు వినిపించేది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఎప్పుడైనా కావచ్చు, అందరూ దగ్గరలో ఉండండి అంది.

అమావాస్య గడిచింది. పాడ్యమి కూడా గడిచింది.

విదియ తెల్లవారింది. ఆ పొద్దున రాహుకాలం రాకముందే కొని వెలిగించాలని చెన్నకేశవులు గడియ చెప్పి పెట్టాడు. తాను, నందిని పోయి తెచ్చుకుంటామనీ, ఆమెను అమ్మ దగ్గర ఉండమనీ గోపీకృష్ణ భార్యతో అన్నాడు. సుభాషిణి వినలేదు. పిల్ల మొదటిసారి ఇల్లు దాటబోతోంది. దాని వస్తువుకు తల్లి చేత్తో కుంకుమ పడాలి. మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చేస్తాను గదా అనుకుంది. పోయేముందు అత్త చెవి దగ్గర వంగి, విదియ వచ్చింది అత్తా, పోయి కొనుక్కోని వస్తాం అని చెప్పింది. ముసలామె రెప్ప కూడా కదల్లేదు. గురవమ్మకు అప్పగించి మొదటి బస్సెక్కింది.

ఫయాజ్ అప్పుడే షాపు తెరిచి నీళ్లు చల్లించాడు. అతని గల్లాపెట్టె కింద ఒక పళ్లెంలో పసుపు, కుంకుమ, అగ్గిపెట్టె, కర్పూరం ఎప్పుడూ ఉంటాయి. ప్రొద్దుటూరులో కోమట్లకు సామాను అమ్మాలంటే అవి ఉండాలని వాళ్ల నాయన నేర్పాడట. కూర్చోవడానికి కుర్చీలు వేసి, జేజి ఎట్లుండాదని మర్యాదగా అడిగాడు. బాగుండాదని చెప్పాడు గోపీకృష్ణ.

పెట్టె తెరిచారు. వెండి రంగులో సన్నగా, చల్లగా ఉంది. నందిని రెండు చేతులా తీసి బల్ల మీద పెట్టింది. ఇన్ని రోజుల్లో ఆ పిల్ల మొహం వెలగడం సుభాషిణి అదే చూడటం. మూత మీద ఒక మూల పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. నందిని మీట నొక్కింది. తెర వెలిగింది.

"కొత్తది కదక్కా, అంతా సర్దుకునేదానికి కాసేపు పడ్తాది. ఆపకూడదు" అన్నాడు ఫయాజ్.

తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

అప్పుడు మోగింది సుభాషిణి ఫోన్. సంచిలోంచి తీసి చూసింది. గురవమ్మ.

ఏమన్నా అయితేనే చెయ్యమని తానే చెప్పింది. ఫోన్ చేతిలో వణుకుతూ మోగుతూనే ఉంది. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. పేరు రాసి, పని మొదలుపెడితేనే వెలిగించినట్టు. ఇప్పుడు ఈ ఫోన్ ఎత్తితే, ఆ ఒక్క మాట చెవిన పడితే, ముట్టుకున్నదంతా మైల. ఇన్నాళ్లు ముసలామె పడిన యాతనంతా గంగలో కలుస్తుంది.

"అమ్మా, ఫోన్" అంది నందిని తెర మీది నుంచి కళ్లు తీయకుండానే.

"అంగడి వాళ్లులే" అంది సుభాషిణి. ఫోన్‌ను సంచి అడుగున కుక్కి పైన తువ్వాలు కప్పింది. అది మోగి మోగి ఆగింది.

ఆ వెంటనే గోపీకృష్ణ జేబులో మోగింది. అతను తీసి చూశాడు. తలెత్తి భార్యను చూశాడు. సుభాషిణి తల అడ్డంగా ఊపింది, చాలా కొద్దిగా. అతను మళ్లీ ఫోన్ వైపు చూసి, పక్కనున్న మీట నొక్కి గొంతు నొక్కేసి, జేబులో వేసుకుని వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఫయాజ్ చూసీ చూడనట్టు పాత పెట్టెలు సర్దసాగాడు.

సంచిలో తువ్వాలు కింద ఇంకోసారి మోగింది. ఈసారి నందిని తలెత్తి తల్లి మొహం చూసింది.

చుక్కలు ఆగాయి. పేరు రాయమంది తెర. నందిని తన పేరు రాసింది. ఫయాజ్ కర్పూరం వెలిగించి ఇచ్చాడు. సుభాషిణి హారతి తిప్పి, పళ్లెం కింద పెట్టి, సంచి తీసుకుని వీధిలోకి వచ్చి ఫోన్ చేసింది.

"పోయింది తల్లీ" అంది గురవమ్మ. "ఇప్పుడే. ఇప్పుడిప్పుడే."

ఇప్పుడే అన్న మాట సుభాషిణికి మొదట అర్థం కాలేదు. ఫయాజ్ కొత్త పెట్టెను ఇంటికి చేరుస్తానని చెప్పి, తన కారు ఇచ్చి, మనిషిని తోడిచ్చి పంపాడు. ఊరి పొలిమేర దాటేటప్పుడు అర్థమైంది. ఇప్పుడే అయితే, అప్పుడు ఎందుకు చేసినట్టు?

ఆసుపత్రిలో గోపీకృష్ణ తల్లి పాదాల మీద తల ఆనించి కూలబడ్డాడు. నందిని మంచం పట్టె పట్టుకుని నిలబడింది. గురవమ్మ సుభాషిణి రెక్క పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది. ఆమె గొంతులో కోపం లేదు. రోజూ ఆ పుళ్లు తుడిచిన మనిషి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"మీరు పోయినాక కండ్లు తెరిచింది తల్లీ. ఎంత తెలివిగా తెరిచిందంటే నాకే బయమేసింది. గొట్టం లాగి పారేసి, శ్రావణం వచ్చెనా అనడిగింది. వచ్చింది పెద్దమ్మా, ఈ పొద్దు విదియ అన్నా. అయితే నా కోడలికి ఫోన్ చెయ్యి, ఇంగ ఇంటికి పిలుచకపొమ్మను అనింది. ఏమన్నా అయితేనే చెయ్యమన్నావు గదా. ఇది అయినట్టే గదా అని చేసినా. నీకు చేసినా. అన్నకు చేసినా. మళ్లా నీకు చేసినా."

సుభాషిణి ఫోన్ తీసి, ఎత్తని పిలుపుల లెక్క చూసింది.

"ఎత్తలేదని చెప్పినా. నవ్వింది తల్లీ. ఎత్తరులే గురవీ, నేను పోయినాననుకుంటాండారు, కొననియ్యి అనింది. గోడ పక్కకు తిరిగి పండుకునింది. నేను నీళ్లు తెచ్చేలోపల అయిపోయింది."

ఎవరితో చెప్పొద్దని సుభాషిణి అడగలేదు. గురవమ్మే, నేనెవురికి చెప్తా తల్లీ అని కొంగుతో మొహం తుడుచుకుని, తన చెంబు, దుప్పటి తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆ మంచం మీదికి ఇంకో మనిషి వచ్చి ఉంటుంది.

సుబ్బరత్నమ్మను ఇంటికి తెచ్చారు. గడప లోపలికి కాదు, పోయిన మనిషిని వీధి అరుగు మీదే పడుకోబెట్టారు. పులివెందుల నుంచి చెన్నకేశవులు దిగాడు. తల్లి మొహం చూసి బావురుమన్నాడు. ఏడుపు సర్దుకున్నాక, చూపు హాల్లో బల్ల మీద ఉన్న కొత్త పెట్టె మీద పడింది. అందరూ వింటుండగానే అడిగాడు.

"ముందా, తర్వాతా?"

"ముందే బావా" అంది సుభాషిణి. "అత్త బతికుండంగనే కొన్యాం."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. చెన్నకేశవులు పెద్దగా ఊపిరి వదిలాడు. మనవరాలి కోసం ప్రాణం చేత్తో పట్టుకునిందప్పా మా అమ్మ అన్నాడు. పదిరోజుల్లో ఆ మాట వీధంతా పాకింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ అదే అన్నారు. శ్రావణం వచ్చేదాకా ఆగిందట, పిల్లకు వస్తువు కొన్నారని తెలిశాకే కళ్లు మూసిందట. ఎంత పుణ్యాత్మురాలో అన్నారు. గోపీకృష్ణ ఆ మాటలు వింటూ గుండు చేయించుకున్న తల వంచుకుని కూర్చునేవాడు. ఫోన్ సంగతి మొగుడూ పెళ్లాల మధ్య మళ్లీ రాలేదు. అత్త చివరి మాట సుభాషిణి అతనికి చెప్పలేదు.

నందిని ఆ కొత్తదాని ముందే కూర్చుని క్లాసులు విన్నది, పరీక్ష రాసింది, గట్టెక్కింది. అయితే అవసరమైనంత వరకే ముట్టుకునేది. పని కాగానే మూసి, గుడ్డ కప్పేది. ప్రయాణం రేపనగా సంచులు సర్దుతూ, పాత లాప్‌టాప్‌ను చీరలో చుట్టి లోపల పెట్టడం సుభాషిణి చూసింది.

"అదెందుకు?"

"ఇదే తీసుకపోతా. కొత్తది నాయన అంగడికి ఉండనీ."

"అది పనిచెయ్యదు గదా."

నందిని మంచం మీద కూర్చుంది. తల్లి వైపు చూడకుండా అంది.

"ఆ పొద్దు ఫోన్ మోగింది. అంగడి వాళ్లు కాదు. పెదనాయనకేమో జేజి బతికుండంగనే కొన్యామని చెప్పినావు. బతికుంటే ఫోన్ ఎందుకొచ్చింది? జేజి మనల్ని పిలిచిందా?"

ఈ పిల్ల రేపు ఊరు దాటుతుంది. ఊరు కాని ఊళ్లో, గదిలో ఒక్కతే కూర్చుని, ఆ మూత తెరిచినప్పుడల్లా ఒక మాట వినిపించడం మొదలైతే ఇక ఆగదు. వేంపల్లె నుంచి వచ్చిన కబురును సుబ్బరత్నమ్మ తన చెవితోనే ఆపేసింది. అంతటి మనిషి చెంత ఇరవై నాలుగేళ్లు కాపురం చేసి కూడా, ఆ పొద్దు షాపు బయటికి పోయి, తానొక్కతే ఫోన్ ఎత్తి, వినాల్సింది వినాలని సుభాషిణికి తోచలేదు. పిల్ల పక్కన తానూ నిలబడాలని, తన చేతి కుంకుమ పడాలని ఆశపడింది.

"లేదు" అంది. "జేజి అప్పటికే పోయిండె. గురవమ్మ అది చెప్పేదానికే చేసింది. ఫోన్ కావాలని ఎత్తలేదని తెలిస్తే మీ పెదనాయన దాన్ని ఇంట్లోంచి తీపిచ్చేవాడు. అందుకని అబద్ధం చెప్పినా."

నందిని తల్లి కళ్లలోకి చూసింది.

"నిజమేనా?"

"నిజం."

పిల్ల ఊపిరి తీసుకుంది. కళ్లు తుడుచుకుని, పాతది సంచిలోంచి తీసి, కొత్తదాన్ని సర్దుకుంది. మూత మూలన పసుపు అంచు సందులోకి దిగిపోయి ఉంది. తడిగుడ్డతో రెండు మూడు సార్లు తుడిచి, పోకపోతే అలాగే వదిలేసింది.

మరుసటి రోజు కారు వచ్చి వాకిట్లో ఆగింది. చెన్నకేశవులు పులివెందుల నుంచి వచ్చి పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు. గోపీకృష్ణ పెట్టాడు. నందిని తల్లి కోసం చూసింది. సుభాషిణికి కడుపులో నొప్పిగా ఉందంట అన్నారు ఎవరో. ఆమె అప్పటికే పెరట్లోకి పోయి, సింధు పెళ్లి నాడు అత్త కూర్చున్నట్టే, నీళ్ల తొట్టి పక్కన, ఇంటికి వీపు పెట్టి కూర్చుని ఉంది. కారు కదిలిన చప్పుడు వినిపించినా లేవలేదు.